వెనక్కి కట్టిన లెక్క

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఫిజియోథెరపిస్టును. మాది తల్లాడ. పై చదువు కోసం పినపాక అవతలి అడవి పల్లెల్లో, మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లతో ఒక పరిశోధన మొదలుపెట్టాను. కొందరికి మాత్రలు, కొందరికి మాత్రలతోపాటు వ్యాయామం. ఫలితాన్ని నమ్మాలంటే ఎంతమందిని చూడాలో ఇలాంటి పనిలో ముందే లెక్క కట్టాలి. నేను కట్టలేదు. దొరికినవాళ్లు చాలనుకున్నాను.

వ్యాయామం చేసేవాళ్లలో ముత్తమ్మ అవ్వ ఒకరు. చాప మీద కాళ్లు చాపుకుని కూర్చోగానే, పసిపిల్లకు నీళ్లు పోయడానికి కూర్చున్నట్టుందని నవ్వేది. ఆమె నవ్వితే అందరం నవ్వేవాళ్లం.

ఎండలు ముదిరాయి. బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. ప్రతి ఎండాకాలం వచ్చేదే, నాకూ తెలిసిందే, అయినా తలకెక్కలేదు. ఆడవాళ్లంతా తెల్లారకముందే అడవికి పోయి, ఆ ఆకు కట్టలు కట్టి, కొనే కల్లానికి మోసేసరికి పొద్దు వాలేది. ఇక కాళ్లు చాపే ఓపిక ఎవరికుంటుంది? చాలామంది మానేశారు. మిగిలిన కొద్దిమందిని చూసి వ్యాయామం పనిచేసిందో లేదో తేల్చలేం. ఉన్న సంఖ్యకు సరిపోయేలా లెక్క వెనక్కి కట్టెయ్యమని, నా పరిశోధన చూసే మా సార్ చెప్పారు. ఇంతమంది చాలని ముందే లెక్క కట్టామని రాశాను. వ్యాయామం వల్ల లాభం లేదనీ రాశాను. తప్పు సార్ మీదికి నెట్టగలనా? రాసిన చెయ్యి నాదే.

నా రాతను నమ్మి, పల్లెల్లో వ్యాయామం నేర్పే పనిని దవాఖానావాళ్లు ఆపేశారు. మరుసటి ఎండాకాలం ఆ సంగతి చెప్పడానికి వెళ్లాను.

"ఇంక రావా బిడ్డా?" అంది ముత్తమ్మ.

"రాను అవ్వా. దానితోని లాభం లేదని తేలింది."

"అవ్‌నా? నాకైతే జర నయమైనట్టే ఉండె." మోకాలు తడుముకుంది. "సదువుకున్నదానివి, నీకే ఎరుక. నువ్వే చెప్పినంక ఇంక నేనెందుకు చేస్త?"

కొంగులోని తునికిపండ్లు నా చేతుల్లో పోసింది. దారిలో తిన్నాను. ఎలా తినగలిగానో ఇప్పటికీ అర్థం కాదు.

పోయిన ఏడాది ఆమెను మళ్లీ చూశాను. కర్ర పట్టుకుని నడుస్తోంది. అడవికి పోవడం మానేసిందట. వ్యాయామం మానకపోతే ఆ మోకాలు నిలిచేదా? ఏమో. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కుంటుకుంటూ వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. అప్పుడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది. అంతకుమించి నాకేమీ దక్కదు, దక్కకూడదు కూడా.

అవ్వా, నేను ముందు లెక్క కట్టలేదు. సరిపడా మందిని చూడలేదు. లాభం లేదని తేలనే లేదు. 'నాకు తెలియదు' అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, నువ్వు ఇంట్లో చాప వేసుకుని, నవ్వుకుంటూ కాళ్లు చాపుకునేదానివి.