బువ్వలాట గిన్నెల బొగ్గు

వంటింటి ఫిల్టరుకు కొత్త కార్బన్ గొట్టం బిగిస్తే మొదటి గ్లాసు నీళ్లు నల్లగా వస్తాయి. కొబ్బరి చిప్పల బొగ్గట. పారబోసే ముందు నేను వాసన చూస్తాను. ఆ తడి బొగ్గు వాసన నన్ను చర్ల అవతలి అడవి పల్లెకు, అమ్మ నర్సుగా పనిచేసిన దవాఖానా వెనక పెరట్లోకి తీసుకుపోతుంది.

చలికాలమంతా తేగలు కాల్చుకోవడం, తాటి టెంకలు పగలగొట్టి తియ్యటి గుంజు తినడం, మూతి మసితోనే ఆదివారం ప్రార్థనకు పోయి అమ్మతో చీవాట్లు తినడం, అదీ మా వైభోగం. వానలు పడితే మాత్రం బావిలో ఆకులు కుళ్లి నీళ్లు కంపు కొట్టేవి. కాచినా ఆ కంపు పోయేది కాదు. ఐదేళ్ల తమ్ముడు ఆ నీళ్లు ముట్టక, చాటుగా వాగుకు పోయి ఎర్రనీళ్లు తాగి, వాంతులతో మంచం పట్టేవాడు.

"ఈ వానలకు గిట్లనే అయితే వీణ్ని కారేపల్లిల అమ్మమ్మ దగ్గర ఇడిసొస్తా" అంది అమ్మ. వాడు లేని ఇల్లు తలచుకుని నేను వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడుస్తవేంది బిడ్డా, టెంక చిప్పలు ఏరుకరాపో" అంది పక్కింటి లచ్చవ్వ. తమ ఇంట్లో కోయలో, మాతో తెలుగులో మాట్లాడే ముసలమ్మ ఆమె. గుంజు తిని పారేసిన చిప్పల్ని గుంటలో పేర్చి, నిప్పంటుకున్నాక తడిమట్టి కప్పి, చల్లారేదాకా తవ్వొద్దని చెప్పి పోయింది. రోగులందరికీ ఓపిక నేర్పే మా అమ్మ, పొగ ఆగీ ఆగకముందే పార పట్టింది. గాలి తగిలి బొగ్గంతా భగ్గుమని మండి బూడిదైపోయింది.

ఊళ్లో ఇక చిప్పలు పిల్లల దగ్గరే మిగిలాయి, బువ్వలాటలో గిన్నెలుగా, తక్కెళ్లుగా. అందరం తలా కొన్ని తెచ్చి గుంటలో వేశాం. ఎందుకో తెలియకుండానే తమ్ముడూ తన గిన్నె వేశాడు. ఈసారి లచ్చవ్వ గుంట పక్కనే పీట వేసుకు కూర్చుంది.

"నర్సమ్మా, నువ్వు సూదులేసుకోపో" అని అమ్మను దగ్గరికే రానివ్వలేదు.

ఆ బొగ్గును నలగ్గొట్టి, కడిగి, అడుగున చిల్లున్న కుండలో ఇసుక మీద పరిచారు. బావి నీళ్లు అందులోంచి చుక్కచుక్కగా దిగాక అమ్మ కాచి చల్లార్చింది. తమ్ముడు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"వాసన వస్తలేదక్కా" అని గటగటా తాగేశాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆ పల్లెలో ఇప్పుడు తాటిచెట్లు పలచబడ్డాయి, టెంకలు కొట్టే పిల్లలు లేరు, లచ్చవ్వా లేదు. తమ్ముడు నా ఇంటికి వస్తుంటాడు. ఆరడుగుల మనిషి, ఇప్పటికీ గ్లాసు వాసన చూడందే గుక్క మింగడు. ఎందుకురా అంటే, ఏమో, అలవాటంటాడు. ఆ వానాకాలం వాడు కారేపల్లి పోకుండా నా పక్కనే పడుకున్న సంగతి నాకొక్కదానికే గుర్తుంది.