అన్నీ ఒకటే అనుకున్న స్తంభాలు

2021లో, గల్ఫ్‌లో, కరామాలోని మా డ్రాయింగ్ ఆఫీసుకు ఐర్లాండ్ నుంచి ఒక పని వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఎర్ర ఇటుకల టౌన్‌హాలు అది. రాతి స్తంభాలు వానకు అరిగిపోయాయి. అక్కడివాళ్లు పంపిన ఫోటోలు, కొలతలు చూసి మేం డ్రాయింగులు గీస్తే, వాటిని బట్టి అక్కడి శిల్పులు కొత్త రాయి చెక్కుతారు.

నా కింద పనిచేసే గుంటూరు అమ్మాయి అప్పటికి ప్రొబేషన్‌లో ఉంది. నెలాఖరుకు ఉద్యోగం ఖాయం కాకపోతే వీసా రద్దవుతుంది. స్తంభాల పైభాగాలు మొదలుపెట్టిన రోజే ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఇవన్నీ ఒకేలా లేవండీ. ఒకదానికి ఉత్త ఆకులే. పక్కదానికి ఆకుల్లో పిట్ట కూడా ఉంది.”

“వానకి అరిగి అట్లా కనపడతాయిలేమ్మా. ఒకటి గీసి మిగతావన్నీ కాపీ కొట్టెయ్. యల్లా, తొందరగా కానియ్, గురువారం పంపాలి.”

ఇక్కడి విల్లాలకు నేను ఏళ్లుగా స్తంభాలు గీస్తున్నాను. ఒక అచ్చు చేస్తే అందులోంచి ఎన్నయినా పోస్తారు. ఒకటి గీసి మిగతావి కాపీ చేయడం చేతికి అలవాటైపోయింది. ఫోటోలు తెరిచి చూడనేలేదు.

డ్రాయింగులు తిరిగొచ్చాయి. ఆ రోజుల్లో శిల్పులు ఒక్కో స్తంభాన్నీ తమకు తోచినట్టు చెక్కారనీ, అక్కడ ఏ రెండూ ఒకటి కావనీ ఐర్లాండ్ ఆర్కిటెక్టు వీడియో కాల్‌లో నెమ్మదిగానే చెప్పాడు. ఎవరు గీశారని మా మేనేజరు అడిగాడు. ఫైలు మీద ఆమె పేరుంది. టీంతో మాట్లాడతానన్నాను. ఆమె నా వైపు చూసింది. మర్నాడు ఆమెకు వార్నింగ్ మెయిల్ వచ్చింది.

అప్పుడు మేనేజరు గదిలోకి వెళ్లి, కాపీ చేయమన్నది నేనేనని చెప్పాను.

“ఖలాస్, వదిలెయ్ బాస్. నీ తప్పంటే క్లయింట్ మొత్తం ప్రాజెక్టునే అనుమానిస్తాడు. కొత్త పిల్ల కాబట్టి సరిపోయింది.”

నాకు ప్రాణం తేలికపడింది. ఇప్పటికీ సిగ్గనిపించేది అదే. చెప్పేశాను కదా అని మామూలుగా తిన్నాను, పడుకున్నాను.

ఆ వారంలోనే ఆమె వచ్చి, వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నానంది. “రెఫరెన్స్‌కి మీ పేరివ్వొచ్చాండీ?” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నాకంటే పెద్ద తెలిసినవాళ్లు ఆమెకు ఈ ఊళ్లో లేరు.

ఆ సాయంత్రమే ఐర్లాండ్‌కూ మేనేజరుకూ కలిపి మెయిల్ రాశాను. ఆమె ముందే అడిగిందనీ, కొట్టిపారేసింది నేననీ రాశాను. నన్ను టీం లీడ్ పదవి నుంచి తీసేశారు. ఆమెకిచ్చిన వార్నింగ్ వెనక్కి తీసుకుని ఉద్యోగం ఖాయం చేశారు. స్తంభాలు ఒక్కొక్కటీ నేనే మళ్లీ గీశాను.

ఆమె మాత్రం తనను వేరే టీంకు మార్చమని అడిగింది. ఎందుకని నేను అడగలేదు.