అరువు తెచ్చుకున్న వణుకు

మామయ్యకు ఒకే ఒక్క పిచ్చి. ఛాతీ మీద శౌర్య పతకం తగిలించుకుని, తానెంత పిరికివాడో ఊరంతా చాటుకునేవాడు.

మామూలు రోజుల్లో ఆయన రేవులో తూనికల ఇన్‌స్పెక్టరు. రిజర్వు నౌకాదళంలో అధికారి కూడా కనుక యుద్ధం రాగానే పిలుపొచ్చింది. సముద్రంలో మందుపాతరలు ఏరే చిన్న ఓడ మీద వెళ్ళాడు. పతకంతో తిరిగొచ్చాడు.

"దేనికిచ్చారండీ?" అని పళ్ళ డాక్టరు అడిగితే, నోట్లో దూదితోనే మొదలెట్టాడు. "ఇంజను గదిలో మంటలు. నా కాళ్ళు వణికిపోయాయి. తలుపెటుందో తెలీక మంటల్లోకే పరిగెత్తాను. చూసినవాళ్ళు ధైర్యమనుకున్నారు."

బడిలో ధైర్యం గురించి చెప్పమంటే ముప్పావుగంట భయం గురించి చెప్పాడు. పిల్లలు బల్లలు చరిచారు. పెద్ద పంతులమ్మ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

"ఇచ్చినవాళ్ళు వింటే వెనక్కి లాక్కుంటారు," అనేది అత్తయ్య.

"లాక్కోనీ. పిన్ను గుచ్చుకుంటోంది."

వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్న మేనకోడలికి మాత్రం ఇది మింగుడుపడేది కాదు. మామయ్యను చూసి ఎవరైనా నవ్వితే ఆమెకు ఒళ్ళు మండేది.

రిజర్వు దళం వార్షిక సభకు మామయ్యను పిలిచారు. ఆయన సర్వీసు వివరాలు చదివే పని మేనకోడలిది. పెట్టె వెతికితే ప్రశంసాపత్రం దొరికింది. మండుతున్న ఇంజను గదిలోకి రెండుసార్లు దిగి ముగ్గురిని మోసుకొచ్చాడని ఉంది. ఎంత పిరికివాడైనా రెండుసార్లు దారి తప్పుతాడా? సభలో ఇది చదివి అందరి నోళ్ళూ మూయించాలనుకుంది.

మామయ్య యూనిఫాం కోటు వదులైతే వీధి చివరి దర్జీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయనా ఆ ఓడలో పనిచేసినవాడే. ఉండబట్టలేక కాగితం చదివి వినిపించింది. దర్జీ మిషను ఆపేశాడు.

"ఆ కథలో వణికిన కాళ్ళు నావమ్మా. బాయిలరు వెనక నక్కి కూర్చుని కదల్లేకపోయాను. సారు రెండోసారి దిగింది నాకోసమే."

"మరి మామయ్య అలా ఎందుకు చెబుతాడు?"

"తిరిగొచ్చిన కొత్తలో ఇదే కొట్లో ఎవడో అడిగాడు, మీ ఓడలో ఒకడు వణికి కూలబడ్డాడట, ఎవడని. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. సారు 'నేనే' అన్నారు. అప్పట్నుంచి అదే పాట. మానెయ్యమని ఎన్నిసార్లు బతిమాలానో."

మేనకోడలు కాగితం మడిచేసింది. సభలో తేదీలూ హోదాలూ మాత్రమే చదివి కూర్చుంది. తర్వాత మామయ్య లేచి హుషారుగా, "నా కాళ్ళు వణికిపోయాయి" అన్నాడో లేదో, మూడో వరసలోంచి దర్జీ లేచాడు.

"ఆ కాళ్ళు నావి సార్."

హాలంతా అటు తిరిగింది. మామయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు.

"కూర్చోవయ్యా. నాకున్నదే ఒక్క భయం, అదీ లాక్కుంటావా?"

"ఇన్నేళ్ళూ వాడుకున్నారుగా సార్. ఇక ఇచ్చెయ్యండి."

హాలంతా ఘొల్లున నవ్వింది. మామయ్య వేదిక దిగి, దర్జీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు.

దర్జీ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మామయ్య పక్క కుర్చీలో కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ కథ జన్మలో మొదటిసారి వింటున్నవాడిలా నోరు తెరుచుకుని విన్నాడు.