నాచారం వచ్చిన ఇంగ్లీషు డైరెక్టరు

ఉప్పల్ బడిలో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. చెప్పిన పాఠమే మళ్లీ చెప్పాలంటే ఊపిరాడనట్టుండేది. అరవైల చివర, ఒక దసరా సెలవులకు ముందు హెడ్మాస్టరుగారు పిలిచారు. లండన్ నుంచి వచ్చిన డైరెక్టరొకాయన నాచారం కొత్త ఫ్యాక్టరీల మీద అక్కడి టెలివిజన్ కోసం ఫిల్ము తీస్తున్నాడట, తన మాటలు ఇక్కడివాళ్లకు తెలుగులో చెప్పే మనిషి కావాలట. మా బడిలో టెలివిజన్ చూసినవాళ్లెవరూ లేరు. నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. కుర్చీ వేస్తే కూర్చోడు. టీ సగం తాగి గ్లాసు ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. మిషన్లను ఫిల్ము తీయమని ఫ్యాక్టరీ మేనేజరు వెంటపడుతుంటే, ఆయన గేటు దాటి బోడుప్పల్ వైపు చేలల్లోకి నడిచేవాడు. వెనక కెమెరామన్, ఆ వెనక నేను.

అలా వెళ్లిన ఒక మధ్యాహ్నం, జొన్నచేనులో కలుపు తీస్తున్న ఒకావిడ కనబడింది. వాళ్ల భూమి సగం ఫ్యాక్టరీ కిందికి పోయింది. భర్త అదే ఫ్యాక్టరీకి కాపలా ఉంటున్నాడు. డైరెక్టరు ఆమెను పని చేస్తుండగా తీసి, రేపు మళ్లీ వస్తామని చెప్పించాడు.

మర్నాడు వెళ్లేసరికి ఆమె పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన తల పట్టుకున్నాడు. నిన్న తీసిన దానికి ఇది అతకదు, పాత చీరలో రమ్మని చెప్పమన్నాడు. చెప్పాను.

"గదేంది పంతులమ్మా! నిన్న జెప్పకుండ వొచ్చిన్రు, మట్టి చేతులతోని ఉన్న. ఆళ్ల దేశమోళ్లందరు జూస్తరంటివి గద? నేను గట్ల కనవడ," అందామె.

ఆ మాటను ఏమాత్రం మెత్తబరచకుండా ఆయనకు చెప్పాను. ఆయన గట్టు మీద కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తరువాత కెమెరామన్ వైపు తిరిగి, నిన్నటిది వదిలేసి మొదటినుంచి తీద్దామన్నాడు. ఆమె గట్టు మీద పట్టుచీరతోనే కూర్చుని భూమి పోయిన సంగతంతా చెప్పింది. ఆయన కదలకుండా నిలబడటం నేను చూసింది అప్పుడొక్కసారే.

తిరిగి వస్తుంటే జీపులో ఆయన గురించి అడిగాను. స్టూడియోలో క్లాపు కొట్టడంతో మొదలుపెట్టాడట. తరువాత ఎడిటింగు గది, ఆ తరువాత దొంగలూ పోలీసుల చిన్న సినిమాలు. ఇంటింటికీ టెలివిజన్ వచ్చాక అలాంటి సినిమాలు ఆగిపోయాయి, తనూ అటే మారాడు. ఒక వారం పోలీసు కథ, మరో వారం డాక్టరు కథ.

"ఏదీ నాది అనుకునేంతసేపు నా చేతిలో ఉండదు," అన్నాడు.

"మరెందుకు చేస్తున్నారు?"

"మానేస్తే ఏం చేయాలో తెలియదు."

మరి కొద్ది రోజులకు ఫ్యాక్టరీ ఆఫీసుకు లండన్ నుంచి ట్రంకు కాల్ వచ్చింది. ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ సినిమా, అదీ పెద్దది, వెంటనే రమ్మన్నారు. మేనేజరు మండిపడ్డాడు.

"ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ పిలవరు," అన్నాడాయన నాతో. మిగతాది కెమెరామన్ తీస్తాడట. నాకు కోపం వచ్చింది. అయితే ఆ స్థానంలో నేనున్నా వెళ్లిపోయేదాన్నని అప్పుడే తెలుసు.

జొన్నచేను ఆమెకు మాత్రం తనే చెప్పాలని నన్ను వెంటబెట్టుకుని చేను దాకా వచ్చాడు. ఆమె విని, "పిలిస్తె పోవాలె గద. జర తిని పొమ్మను," అంది. ఆమె పెట్టిన జొన్నరొట్టెను ఆయన నిలబడే తిన్నాడు.

మరుసటి ఏడు కెమెరామన్ వేరే పనిమీద వచ్చి కలిశాడు. అక్కడి టెలివిజన్లో మా ఫిల్ము వేశారట, దాంట్లో పట్టుచీర ఆమె చాలాసేపు ఉందట. పెద్ద సినిమా మధ్యలోనే ఆగిపోయి, డైరెక్టరు మళ్లీ పోలీసు కథలకే వచ్చాడట. నేను చేను దాకా వెళ్లి మొదటి సంగతి చెప్పగానే ఆమె పక్క చేలవాళ్లందరినీ కేకేసి పిలిచింది. రెండోది చెబితే, "అయ్యో పాపం," అంది.

ఆ ఏడే నేను బడి మానేసి, డాక్యుమెంటరీలకు వ్యాఖ్యానం రాసే ఉద్యోగంలో చేరాను. "ఉన్న నౌకరి ఇడిసిపెట్టి ఊర్లు తిరుగుడేందే?" అని అమ్మ అడిగింది. మొదటి పనికి ఆదిలాబాద్ అడవుల్లోకి పంపారు. అక్కడ సామాను దించుకుంటూనే, తరువాత ఎక్కడికని మా ఆఫీసరును అడిగాను.