రెండు ఊళ్లకు ఒకే నంబరు

మా ముత్తాత జనగామ పక్కన ఏడు ఊళ్లకు పట్వారీ. తాత కూడా పట్వారీయే. ఆయన పహాణీలో, అంటే భూమి లెక్కల పుస్తకంలో, రాసిన నంబరే ఆ భూమికి నంబరు, దానికి తిరుగు లేదు. నాన్న ఆ వరుసలో చివరివాడు. ఎనభైల్లో ప్రభుత్వం పట్వారీ పదవులు రద్దు చేసినప్పుడు రికార్డులన్నీ బండి మీద వేసుకెళ్లి అప్పజెప్పాడు. రసీదు అడిగితే రేపు రమ్మన్నారు. ఆ రసీదు ఇప్పటికీ రాలేదు. జాలి కోసం ఇది రాయడం లేదు. నంబర్లు వేయడం నేను ఎక్కడ నేర్చుకున్నానో తెలియాలని రాస్తున్నాను.

2011లో నేను జనగామలో ఒక ధర్మ కంటి ఆసుపత్రి డేటాబేస్ చూసేవాణ్ని. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోని పట్టణాలే. శుక్లాల ఆపరేషన్లు జనగామలో జరిగేవి. మిగతా రెండు చోట్లా కన్ను పరీక్షించి, లోపల పెట్టాల్సిన లెన్స్ పవర్ కొలిచేవారు.

డేటాబేస్‌లో ప్రతి పేషెంటుకూ ప్రైమరీ కీ ఉండాలి. అంటే ఇంకెవరికీ లేని గుర్తు. దాన్ని రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఇంటిజర్ అంటే ఒకటి, రెండు, మూడు అని వరుసగా పెరిగే అంకె. యూయూఐడీ అంటే కంప్యూటర్ తనంతట తాను పుట్టించే ముప్పయ్యారు అక్షరాల గుర్తు. ఏ ఊళ్లో పుట్టించినా అది మరొక దానితో కలిసే ప్రమాదం దాదాపు ఉండదు. నేను ఇంటిజర్ పెట్టాను. తర్వాతి నంబరు ఎప్పుడూ జనగామలోని నా సర్వరే ఇచ్చేది.

ట్రైనింగ్ రోజున మహబూబాబాద్ ఆపరేటర్ సరోజ అడిగింది. గంగారం దగ్గరి తండా నుంచి వచ్చి డిగ్రీ చదివిన అమ్మాయి.

"సార్, గా పెద్ద గుర్తే పెడ్తే మంచిగుంటది గద? నెట్ పోయినా పరేషాన్ ఉండది."

"ముప్పయ్యారు అక్షరాలు ముసలవ్వ ఎట్ల చెప్తది సరోజా?"

"అవ్వకెందుకు సార్? అది లోపల మిషన్ల ఉంటది. అవ్వ చీటీ మీద చిన్న నంబరు రాసిద్దాం."

"మా తాత ఏడు ఊర్లకు వరుస నంబర్లే వేసిండు. ఒక్కటి తప్పలే."

"మీ తాత ఒక్కడే రాసిండు సార్. గీడ ముగ్గురం రాస్తున్నం."

అందరూ నవ్వారు. మా తాత పేరెత్తితే నవ్వడం నేను అంతకుముందు వినలేదు. నంబర్లు మార్చేది లేదని అక్కడే తేల్చి చెప్పాను.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగాయి, కరెంటు పోయింది, నెట్ పోయింది. నేనూ దీక్షా శిబిరంలో కూర్చున్నాను. అక్కడి నుంచే రెండు కేంద్రాలకూ ఫోన్ చేసి, కాగితం మీద రాసుకుని కరెంటు ఉన్నప్పుడు తమ కంప్యూటర్‌లోనే చివరి నంబరు నుంచి ముందుకు పోతూ ఉండమన్నాను.

"భూపాలపల్లోళ్లకు గూడ గదే చెప్పిండ్రా?" అంది సరోజ.

"అది నేను చూసుకుంట."

రెండు ఊళ్లలో ఒకే నంబర్లు పడతాయని నాకు తెలుసు. కలిపేటప్పుడు భూపాలపల్లి నంబర్లకు వెయ్యి కలిపితే సరిపోతుందనుకున్నాను. సమ్మె ముగిశాక ఆపరేషన్లు పేరుకుపోయి ఉన్నాయి. ఒక్క పూటలో కలిపేశాను. పేర్ల పట్టికలో వెయ్యి కలిపాను. లెన్స్ కొలతలు వేరే పట్టికలో ఉంటాయి, అక్కడ కలపడం మరిచిపోయాను. భూపాలపల్లి కొలతలు వెళ్లి, అవే నంబర్లున్న మహబూబాబాద్ పేషెంట్ల కొలతలను చెరిపేసి కూర్చున్నాయి.

యాకూబ్ మహబూబాబాద్ బజారులో దర్జీ. ఆయన కంటికి కావలసింది ఇరవై ఒకటిన్నర పవర్. తెర మీద పదహారు కనిపించింది. డాక్టర్ పదహారే పెట్టారు.

కట్టు విప్పిన మూడు వారాలకు ఆయన జనగామ వచ్చాడు. డాక్టర్ ఇంకొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు. యాకూబ్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"సాబ్, ఇదివరకు మబ్బుండె. మబ్బు పోయింది, చూపు గూడ దానెంబడే పోయింది. సూది చేతిలనే ఉన్నది, బెజ్జం కనవడ్తలేదు. నా పని గంతేనా?"

"జర ఓపిక పట్టుండ్రి," అన్నాను.

రెండు రోజులకు సరోజ మొదటి రైలుకు వచ్చి, సమ్మెలో యాకూబ్ కన్ను కొలిచిన రోజు తన చేత్తో రాసిన కాగితం నా ముందు పెట్టింది. ఇరవై ఒకటిన్నర. నేను తెర మీది అంకె చూశాను. ఏం జరిగిందో అర్థం కావడానికి నిమిషం కూడా పట్టలేదు. తారుమారైన మిగతావాళ్ల వంతు ఇంకా రాలేదు, వాళ్లను ఆపరేషన్‌కు ముందే ఆపగలిగాం. ఆయన ఒక్కడికే అప్పటికి జరిగిపోయింది.

ఆసుపత్రి చైర్మన్ నన్ను పిలిచాడు. "సమ్మెల నెట్ లేకుండె, గందుకే అయిందని రిపోర్టుల రాయి. ఎవ్వలూ ఏమనరు."

"సమ్మె మీద పెట్టకుండ్రి సార్," అంది పక్కనే ఉన్న సరోజ. "సమ్మె వచ్చి నంబర్లు రాయలే."

నేను రాశాను. ఏ ఉద్యమం కోసం దీక్షలో కూర్చున్నానో దాని మీద అబద్ధం రాసి, కింద మా ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. మరుసటి నెల సరోజ ఉద్యోగం మానేసింది. వెళ్తూ నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

ఇంటిజర్ చెడ్డదని నేను ఈనాటికీ అనను. చిన్నది, వెతకడానికి తేలిక, ఫోన్‌లో చెప్పొచ్చు. నంబర్లు వేసే చెయ్యి ఒక్కటే అయినంతకాలం దానికి మించింది లేదు. ఒకరినొకరు అడిగే వీల్లేకుండా పలుచోట్ల రాస్తున్నప్పుడు మాత్రం యూయూఐడీ కావాలి. తర్వాత నేను అదే పెట్టాను. లోపల పెద్ద గుర్తు, చీటీ మీద ఊరి అక్షరంతో చిన్న నంబరు. ఆ పద్ధతి సరోజదని ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

రెండు నెలలకు యాకూబ్ కంట్లో లెన్స్ మార్చారు. చూపు బాగానే వచ్చింది. కుట్టుమిషన్ మాత్రం అంతకు పది రోజుల ముందే డోర్నకల్‌లో ఎవరికో అమ్మేశాడు.