రింగ్ రూటు బ్రహ్మాండం

మా మామయ్యని డిపోలో అందరూ బ్రహ్మాండం అంటారు. అది మెచ్చుకోలు కాదు, ఎగతాళి. టీ తాగే చోట ఎవడు దొరికితే వాణ్ణి పట్టుకుని, "ఈ ఆకాశం ఎక్కడిదాకా ఉందంటావ్? ఎక్కడో ఒకచోట ఆగాలిగా? ఆగితే దాని అవతల ఏముంటుంది?" అని అడుగుతాడు. మొదటిసారి విన్నవాడు నవ్వుతాడు. రెండోసారి విన్నవాడు టీ సగంలో వదిలేసి పోతాడు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. నడిపేది రింగ్ రూటు. మిగతా బస్సులకి చివరి స్టాపు ఉంటుంది, దీనికి లేదు. డిపో ముందు బయల్దేరి ఊరంతా చుట్టి మళ్ళీ డిపో ముందుకే వస్తుంది, ఊపిరి పీల్చుకోకుండా మళ్ళీ బయల్దేరుతుంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయనకిదే. కాలి పక్కన పొయ్యిలా కాలే ఇంజను, దూది బయటికొచ్చిన సీటు మీద మడతపెట్టిన పాత తువ్వాలు, తిరగని ఫ్యాను. కాలేజీ మధ్యలో మానేసి నేను ఇంట్లో పడి ఉంటే, "తాడూ బొంగరం లేకుండా తిరిగే బదులు నాతో తిరుగు" అని టెంపరరీ కండక్టరుగా ఎక్కించింది ఆయనే. గానుగెద్దుకి తోడు ఇంకో దూడ అని డిపోలో ఒకడన్నాడు. తప్పేం అనలేదు.

"ఫిజిక్సు చదివావుగా, చెప్పరా," అనేవాడు సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి.

"సరిగ్గా చదివుంటే ఇక్కడెందుకుంటాను మామయ్యా."

"కొంచెమైనా చెప్పుంటారుగా."

"తెలిసినవాళ్ళకే తెలీదు. ఎంత దూరం నుంచి వెలుగు మనదాకా వచ్చిందో అంతవరకే కనపడుతుంది. ఆ పైది ఇంకా రాలేదు."

"అంటే ఆ పైన ఉందన్నమాట."

"ఉండొచ్చు. పచ్చ లైటు పడింది, పోనీ."

ఒకరోజు ముందు సీట్లో చేతికర్రతో ఒక పెద్దావిడ కూర్చుంది. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యానంది. ఇంకేముంది, ఆవిడనీ వదల్లేదు. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. "విశ్వానికి అంచంటూ లేకపోవచ్చు బాబూ. తిన్నగా పోతూనే ఉంటే, బయల్దేరిన చోటికే వచ్చి చేరతామేమోనని కొందరి ఊహ. ఊహే సుమా, ఇంకా ఎవరూ తేల్చలేదు."

మామయ్య రెండు స్టాపుల్లో జనాన్ని దించి ఎక్కించుకున్నాడు. తర్వాత, "అక్కడ కూడా రింగ్ రూటేనా అమ్మా?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. అద్దంలో చూశాను. ఆయన నవ్వట్లేదు.

రూట్లు కోరుకునే రోజు దగ్గరపడింది. ఏడాదికోసారి సీనియారిటీ వరసలో డ్రైవర్లని పిలిచి ఏ రూటు కావాలో అడుగుతారు. ఈసారి ఊరి బయటి రూటు ఖాళీ అయింది. దానికి చివర ఉంది. ఇళ్ళు అయిపోయి, కరెంటు స్తంభాలు అయిపోయి, తారు రోడ్డు కూడా అయిపోయే చోట బస్సు ఇంజను ఆపుకుని కాసేపు నిలబడుతుంది. వరసలో ముందు మామయ్యే.

"ఒక్కసారైనా చివరంటూ ఉన్నచోట ఇంజను ఆపి కూర్చోవాలిరా. ఆ తర్వాత ఏముందో తీరిగ్గా చూడాలి," అన్నాడు. చెప్పేటప్పుడు పెళ్ళికొడుకులా ఉన్నాడు.

అడ్డం ఎవరంటే మా అమ్మమ్మ.

అమ్మమ్మకి మతిమరుపు జబ్బు. మామయ్య వాళ్ళిల్లు రింగ్ రోడ్డు మీదే, మొదటి అంతస్తులో రెండు గదులు. పొద్దున్నే ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. బస్సు ఇంటి ముందుకి రాగానే మామయ్య హారన్ కొడతాడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. "అదిగో, నా కొడుకు," అని చెయ్యి ఊపి, అప్పుడు నోరు తెరుస్తుంది. అత్తయ్య గబగబా నాలుగు ముద్దలు పెట్టేస్తుంది, మాత్ర వేసేస్తుంది. బస్సు ఆలస్యమైతే అన్నం కూడా ఆలస్యమే. ప్రతి చుట్టుకీ ఆవిడకి కొత్త సంబరం. కానీ ఆ కొడుకే వారం సెలవు రోజున ఎదురుగా వచ్చి కూర్చుంటే ఎవరో పరాయివాడనుకుంటుంది. ఆ రోజు బస్సు మీద వచ్చే డ్రైవరు హారన్ కొట్టడు గనక సాయంత్రందాకా పస్తు.

"ఆకాశానికి నిచ్చెన వేస్తానంటే నేనొద్దనను," అంది అత్తయ్య. "మీ అమ్మ చేత అన్నం తినిపించే ఉపాయం చెప్పి ఎక్కండి. నేనూ ఈ రెండు గదుల్లోనే తిరుగుతున్నా. మీకు కనీసం చక్రాలున్నాయి."

మామయ్యకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు టీ దగ్గర కూడా ఎవరినీ ఏమీ అడగలేదు.

నాకు చిరాకేసింది. "అంత ఎత్తు నుంచి అమ్మమ్మకి నీ మొహం ఏం కనపడుతుంది మామయ్యా? ఆవిడకి తెలిసింది బస్సు, హారన్. ఎవడు కొట్టినా ఒకటే."

"నోర్ముయ్. కన్నతల్లికి కొడుకు తెలీదా?"

"అయితే చూద్దాం."

సెలవు రోజు ఆ బండి నడిపే డ్రైవరుకి టీ పోయించి హారన్ లెక్క నేర్పాను. మా ఇద్దరికీ సెలవే. మామయ్య అమ్మమ్మ కుర్చీ వెనక మంచం మీద కూర్చున్నాడు. అత్తయ్య గిన్నె పట్టుకుని నిలబడింది. నేను గుమ్మం దగ్గర.

అమ్మమ్మ వెనక్కి చూసి, "ఎవరు నాయనా? మీటరు చూడ్డానికొచ్చావా?" అంది.

"నేనేనమ్మా," అన్నాడు మామయ్య.

"అదే, ఎవరని."

బస్సు వచ్చింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. చెయ్యి ఊపుతూ, "అదిగో నాయనా, వాడే నా కొడుకు," అని మామయ్యకే చూపించింది. "పొద్దున్నించీ తిరుగుతూనే ఉంటాడు పాపం. ఎంత తిరిగినా ఇటు రాకుండా పోడు."

"బంగారంలాంటి కొడుకు," అన్నాడు మామయ్య.

అమ్మమ్మ గిన్నెడు అన్నం తినేసింది. అత్తయ్య అటు తిరిగి కళ్ళు తుడుచుకుని, "ఇక వెళ్ళండి. మీకే బెంగా అక్కర్లేదు. నేను చూసుకుంటాను," అంది. నేను పందెం గెలిచినవాడిలా ఉన్నాను. మామయ్య లేచి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాడు.

మర్నాడు డిపోలో పిలిచారు. "ఊరి బయటిదేగా?" అని రాసేయబోయాడు కంట్రోలరు.

"రింగే ఉంచండి," అన్నాడు మామయ్య.

బయటికి రాగానే మీద పడ్డాను. "నీకేమన్నా పిచ్చా? నువ్వు లేకపోయినా ఆవిడ తింటుందని కళ్ళారా చూశావుగా."

"చూశాను కాబట్టే. నన్ను కొడుకని ఆవిడ పిలిచేది ఆ సీట్లో ఉన్నప్పుడే. ఆ సీటు ఇంకొకడికిచ్చేస్తే నేను మీటరు చూసేవాణ్ణి."

"ఆవిడ అలా అనేది వినపడనైనా వినపడదు కదా నీకు."

"అంటుందని తెలుసు. చాలు."

"మరి ఆ చివర? చూడకుండానే ఉంటావా?"

"ఎక్కడికి పోతుందిరా అది. అమ్మ పోయాక ఎటూ..." అని ఆగిపోయాడు.

తను ఏమన్నాడో తనకే అప్పుడు వినపడినట్టుంది. మొహం పాలిపోయింది. పంపు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించాడు, మళ్ళీ పుక్కిలించాడు. తువ్వాలు సర్దుకుని సీట్లో కూర్చున్నాక, ఇటు చూడకుండా, "ఎక్కు. టికెట్ల మిషను తెచ్చుకున్నావా?" అన్నాడు.