ఎత్తిన అరచెయ్యి

పొద్దున్న పంటినొప్పని మా ఆవిడ లవంగ నూనె సీసా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే ఖుర్సీపార్‌లో అప్పన్న మామ ఇంటి ముందుగది కళ్లముందుకొచ్చింది. మాకు చుట్టరికమేమీ లేదు. ఆ హిందీ ఊరి స్టీలు ప్లాంటులో ఆయన క్రేను ఆపరేటరు, కింద నిలబడి చేత్తో సైగలు చేసేవాణ్ణి నేను. ఆ హోరులో మాట వినబడదు, చెయ్యి కనబడాలంతే. చేరిన కొత్తలో ఊడవడానికొచ్చిన ఒకావిడ చెయ్యెత్తితే మామ క్రేను టక్కున ఆపేశాడు. తీరా చూస్తే ఆవిడ టిఫిను డబ్బా క్రేను కింద మర్చిపోయింది. నేను పకపకా నవ్వాను. మామ దిగొచ్చి నన్ను కడిగిపారేశాడు.

“దించమని నువ్వే సెప్పాలి. ఆపమని మాత్రం ఎవులు సెప్పినా ఆగాలి. ఎందుకని తరవాతడుగు.”

రిటైరయ్యాక మతిమరుపు జబ్బు ఆయన్ని కొద్దికొద్దిగా తినేసింది. నా పేరు పోయింది, తర్వాత మాటే పోయింది. ఒకరోజు అత్త కబురంపితే పరుగున వెళ్లాను. పెట్టుడు పళ్ల ప్లేటు తీగ విరిగి చిగురులో గుచ్చుకుంది, అందుకే తిండి ముట్టడం లేదు. అది గొంతులోకి జారితే ప్రాణానికే ముప్పని ఇంటికొచ్చిన పళ్ల డాక్టరమ్మ చెప్పింది. లవంగ నూనె దూది ఆవిడ చేతిలో ఉంది. కొడుకు రాజు తల పట్టుకున్నాడు, అత్త గడ్డం పట్టుకుంది. మామ పళ్లు బిగించి గింజుకుంటున్నాడు. పెదవి మూల నెత్తురు కారుతోంది.

“భయ్యా, హాత్ పకడో! కొట్టేస్తన్నాడు!” అని రాజు అరిచాడు.

మామ ఎత్తిన చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాను. అది కొట్టే చెయ్యి కాదు. వేళ్లు దగ్గరగా, అరచెయ్యి మావైపు తిప్పి, కదలకుండా నిలిపాడు.

“ఒగ్గేయండి! ఆపమంటన్నాడు!”

“ఆయనకేటి తెలుసు బాబూ?” అంది అత్త ఏడుస్తూ.

“ముందు ఆగండత్తా.”

డాక్టరమ్మ మామ గొంతు మీంచి చూపు తిప్పకుండానే వెనక్కి జరిగింది. అందరం వదిలేశాం. ఆ కాసేపూ తీగ ఎక్కడ జారిపోతుందోనని ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి మామ తనంతట తనే చెయ్యి దించి నోరు తెరిచాడు. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా డాక్టరమ్మ ఆగింది, దించాక మళ్లీ మొదలుపెట్టింది. ప్లేటు తీగతో సహా బయటికొచ్చాక అత్త గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన పోయేదాకా రోజూ పొద్దున్నే వెళ్లి అలాగే నోరు కడిగాను. నా పేరు ఆయనకి మళ్లీ గుర్తు రాలేదు. ఆ బెంగ నాకింకా తీరలేదు.

ఇందాక మా ఆవిడ చిగురుకి నేను దూది అద్దుతుంటే తను చెయ్యెత్తింది. ఆగాను. ఎందుకని తర్వాత అడిగాను.